నాన్న గొంతున్న క్యాసెట్

డాక్టరు చెప్పింది నాకు ఒక్కసారికే అర్థమైంది. నాన్న మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు, బేరం కుదరని మనిషిలా. స్వరపేటికకు క్యాన్సర్ పట్టింది. దాన్ని కోసి తీసేస్తే మనిషి బతుకుతాడు, మాట మాత్రం ఉండదు. మెడ దగ్గర పెట్టే రంధ్రం గుండా ఊపిరి పీల్చుకోవాలి. తీయకపోతే మాట ఎలాగూ పోతుంది, దాని వెనకే మనిషీ పోతాడు. చెన్నైలో ఒక ఆసుపత్రిలో మంచం దొరికింది, ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చారు. గురువారం పొద్దుటి విమానానికి నేనే టికెట్లు తీశాను. ఇక ఆయన్ని ఎక్కించడమే మిగిలింది. ఆ ఒక్క పనీ నా వల్ల కాలేదు.

మా నాన్న పేరు యిర్మియా. పోర్ట్ బ్లెయిర్‌లో నలభై దాటిన వాళ్ళకి ఆయన ముఖం కంటే గొంతు బాగా తెలుసు. ఊరి పేరు మారింది, టికెట్ మీద కొత్త పేరే ఉంది, నా నోటికి మాత్రం ఇంకా పాతదే వస్తుంది. జెట్టీలో ప్రయాణికుల హాల్లో మైకు ముందు కూర్చుని ఏ బోటు బయల్దేరుతోందో, ఏది సముద్రం బాగోలేక ఆగిపోయిందో చెప్పడం ఆయన ఉద్యోగం. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి, బెంగాలీలో, తమిళంలో మరోసారి. బోటు రద్దయిందని ఆయన చెబితే జనం తిట్టుకోకుండా మూటలు సర్దుకునేవారట. మా తెలుగు చర్చిలో ఆదివారం వాక్యం చదివేది కూడా ఆయనే. అమ్మ ఆ చదవడం వినే పెళ్ళికి ఒప్పుకుంది. ముఖం తర్వాత చూశానని, అప్పటికే ఆలస్యమైపోయిందని అనేది, బతికున్నన్నాళ్ళూ.

ఇవన్నీ ఒక ఎత్తు, టీవీ ఒక ఎత్తు. నా చిన్నప్పుడు అబర్డీన్ బజార్లో వీరన్న అనే ఆయనకి రేడియోలు, మిక్సీలు అమ్మే దుకాణం ఉండేది. ఊళ్ళో కేబుల్ కూడా ఆయనదే. దుకాణం మీది గదిలోంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఒక ఆట వేసేవాడు. పేరు 'బోలో, లే జావో', అంటే చెప్పు, పట్టుకుపో అని. గుడ్డ కప్పిన బుట్టలో ఒక వస్తువు ఉంటుంది. ఆడేవాళ్ళు ప్రశ్నలు అడిగి అదేమిటో చెప్పాలి, చెబితే బహుమతి పట్టుకుపోవాలి. ఆట నడిపేది మా నాన్న. అది లైవ్. ముందు తీసి తర్వాత వేసే ఓపిక గానీ సరంజామా గానీ వీరన్నకి లేవు. నాన్న నోరు తెరిస్తే అదే క్షణంలో ఊరంతా వినేది.

ఆదివారం ఆరాధనకి రాని వాళ్ళు కూడా ఆ ఆటకి మాత్రం తప్పేవాళ్ళు కాదని పాస్టరుగారు ప్రసంగంలో దెప్పిపొడిచేవారు. ఆయనా చూసేవారనుకోండి.

"రాను" అన్నాడు నాన్న. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ అదే మాట. బతిమాలాను, కసిరాను, ప్రార్థన చేయించాను, మూడు పూటలు తిండి కూడా మానేశాను. మా ఆయన ఓడ మీద ఉద్యోగం చేస్తాడు, ఆ రోజుల్లో ఎక్కడో సముద్రం మధ్య ఉన్నాడు. ఆయన కూడా శాటిలైట్ ఫోన్లో చెప్పి చూశాడు. ఎవరెన్ని చెప్పినా నాన్న కుర్చీలోంచి కదల్లేదు.

సోమవారం పొద్దున నేను ఇక పట్టలేక గట్టిగా అరిచాను. నీకు బతకాలని లేకపోతే నాకు చెప్పు, టికెట్లు చింపేస్తాను అన్నాను. అప్పటికే ఆయన గొంతు కొబ్బరి కోరాము మీద చిప్ప గీరుతున్నట్టు వచ్చేది. ఒక్కో మాటకి ఆగి ఊపిరి తీసుకునేవాడు.

"గొంతు తీసేసినాక మిగిలినోడు ఎవడే లీదియా? ఆడు నాకు తెల్దు."

ఆయనే మళ్ళీ చెప్పాడు.

"ఒక్కసారి నా గొంతు ఇనిపించు. అప్పటిది. ఇని వొదిలేస్తాను. ఆ తర్వాత నీ మర్జీ, ఎక్కడ కోయించినా కోయించుకుంటాను."

ఇంత తేలికా అనుకున్నాను. లేచి ఫోను అందుకున్నాను.

అప్పుడు తెలిసింది తేలిక కాదని. మా ఇంట్లో పండగలకి, పుట్టినరోజులకి వీడియోలు తీసేది ఎప్పుడూ నాన్నే. వాటిలో ఆయన లేడు. ఫోను వెనక దగ్గుతూ, 'కొంచెం జరగండి' అంటూ ఉంటాడు, అదీ బొంగురుగా. ఆయన గొంతు పాడవడం ఇప్పుడు మొదలైంది కాదు, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పోయింది. ఊళ్ళో అందరికీ కెమెరా ఫోన్లు వచ్చేసరికే సగం పోయింది. చర్చిలో వాక్యం చదవడం కూడా అందుకే మానేశాడు. జెట్టీలో ఎవరూ ఆయన్ని రికార్డు చేయలేదు, ఎందుకు చేస్తారు? రేపు మళ్ళీ చెబుతాడు కదా. ఇంట్లోని పాత ఆడియో క్యాసెట్లలో పాటలున్నాయి, ప్రసంగాలున్నాయి, అమ్మ దగ్గుతున్న శబ్దం కూడా ఒకచోట ఉంది, నాన్న లేడు. ఉంటే గింటే ఆ టీవీ ఆటలో ఉండాలి.

నాకు అబర్డీన్ బజార్లోనే చిన్న కేకుల దుకాణం ఉంది. ఆ రోజు ఆర్డర్లన్నీ మా పనమ్మాయి కళకి అప్పజెప్పి, నాకు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను. చర్చి గ్రూపు, బళ్ళో చదువుకున్నవాళ్ళ గ్రూపు, తెలుగువాళ్ళ గ్రూపు. 'బోలో, లే జావో' రికార్డింగ్ ఎవరి దగ్గరైనా ఉందా, మా నాన్న ప్రాణం దాని మీద ఉంది అని రాశాను. తెలుగులో రాస్తే కుర్రకారు చదవలేరని ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాశాను.

జవాబులకి లోటు లేదు. ఫోను ఆగకుండా మోగింది. మా పిన్ని ప్రెషర్ కుక్కర్ గెలిచింది అని ఒకరు. ఆ కుక్కర్ డబ్బా ఖాళీగా ఉండిందట, మద్రాసు నుంచి ఓడ రాలేదని, ఓడొచ్చాక వచ్చి పట్టుకెళ్ళమన్నారట. బహుమతుల బల్ల మీద ఉన్న డబ్బాలన్నీ ఎప్పుడూ ఖాళీవేనని, అవి గాలికి పడిపోకుండా లోపల ఇటుకలు పెట్టేవారని ఇంకొకరు రాశారు. చప్పట్లు కొట్టడానికి చర్చి క్వయర్ పిల్లల్ని కూర్చోబెట్టేవారట, వాళ్ళు చాలక ఒకాయన రెండు హవాయి చెప్పులు చేతులకి తొడుక్కుని కొట్టేవాడట. ఫ్యాను వేస్తే మైకులో హోరు వస్తుందని ఆపేసేవారు, అందుకని నాన్న చొక్కా వెనకంతా తడిసి ఉండేది, ముందు వైపు మాత్రం ఇస్త్రీ చెదిరేది కాదు. రేకుల కప్పు మీద వాన పడితే ఏమీ వినిపించేది కాదు. అప్పుడు నాన్న వాననే తిట్టేవాడట, హిందీలో, ఎంతో మర్యాదగా, జనం పడీపడీ నవ్వేలాగ.

అందరికీ గుర్తుంది. అందరికీ ఆ గొంతు చెవిలో ఉంది. క్యాసెట్ ఒక్కరి దగ్గరా లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. జ్ఞాపకాలట. జ్ఞాపకాలు నాకెందుకు? వాటిని ఆయన చెవి దగ్గర పెట్టి వినిపిస్తానా? ఏడుస్తున్న ముఖాల బొమ్మలు పంపించారు కొందరు. ఫోను గోడకేసి కొట్టబోయి, మళ్ళీ ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని ఆగిపోయాను.

మంగళవారం వీరన్న దుకాణానికి వెళ్ళాను. వీరన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆయన కొడుకు జితేంద్ర అక్కడ ఫోను కవర్లూ, ఇయర్‌ఫోన్లూ అమ్ముతున్నాడు. నాన్న సంగతి చెప్పగానే కుర్చీ వేసి, షటరు సగం దించి కూర్చున్నాడు. మంచివాడు. మంచితనం నాకు ఆ పూట ఎందుకూ పనికిరాలేదు.

ఆట ఎప్పుడూ రికార్డు చేసేవాళ్ళు కాదని చెప్పాడు. ఖాళీ వీడియో క్యాసెట్ కావాలంటే ఓడ మీద రావాలి. వచ్చిన వాటి మీద సినిమాలు ఎక్కించుకునేవాళ్ళు, లేదా పెళ్ళిళ్ళకి పట్టుకుపోయేవాళ్ళు. వచ్చే వారం మళ్ళీ ఉండే ఆటని ఎవరు దాస్తారు? పైన గదిలో మిగిలిన క్యాసెట్లకి బూజు పట్టి తెల్లగా అయిపోతే, తండ్రి పోయిన ఏడాది తనే చెత్తబండికి వేసేశాడట. అది చెబుతున్నప్పుడు నా ముఖం చూడలేకపోయాడు.

"దీదీ, ఒక్కడే ఉన్నాడు. యుగంధర్ అంకుల్. లైట్లు, మైకు ఆయనే సూసేవోడు కదా. హోప్ టౌన్లో ఉంటాడు. ఆయన దేన్నీ పడేసే రకం కాదు."

ఆ సాయంత్రమే వెళ్ళేదాన్ని. గాలి ఎక్కువగా ఉందని అవతలి ఒడ్డుకి వెళ్ళే ఫెర్రీ ఆపేశారు. జెట్టీలో ఎవరో మైకులో ఆ మాట చెబుతుంటే, అదే నాన్న చెప్పి ఉంటే నేనూ తిట్టుకోకుండా ఇంటికి పోయేదాన్నేమో అనిపించింది. తిట్టుకుంటూనే పోయాను. ఇంటికెళ్ళేసరికి నాన్న దొరికిందా అని కళ్ళతో అడిగాడు. రేపు అన్నాను. ఎల్లుండి విమానం.

బుధవారం మొదటి ఫెర్రీకి చాథం నుంచి బంబూ ఫ్లాట్‌కి దాటి, అక్కణ్ణుంచి ఆటోలో హోప్ టౌన్ వెళ్ళాను. యుగంధర్ గారి ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉంది. ఆయన పెళ్ళిళ్ళకీ, చావులకీ మైకుసెట్టు అద్దెకిచ్చి బతుకుతాడు. వరండా నిండా స్పీకరు పెట్టెలు. నాన్న కంటే కొంచెం చిన్నవాడు, బక్కపల్చని మనిషి. నన్ను చూసి గుర్తుపట్టలేదు. యిర్మియా కూతుర్ని అనగానే లేచి నిలబడ్డాడు.

నేను చెప్పిందంతా విని ఆయన లోపలికి వెళ్ళాడు. వంటింట్లో బియ్యం డ్రమ్ము మూత తీసిన చప్పుడైంది. మా దీవుల్లో తేమకి ఏదీ నిలవదు. క్యాసెట్లనీ, కెమెరాలనీ, పెళ్ళి ఫోటోలనీ బియ్యంలో పాతిపెట్టుకునేవాళ్ళు అప్పట్లో. మా అమ్మ కూడా పెట్టేది. ఆయన బియ్యపు నూక దులుపుకుంటూ ఒక వీడియో క్యాసెట్ పట్టుకొచ్చాడు.

స్పీకరు పెట్టె మీద కూర్చుండిపోయాను.

"ఉంది బేటీ. ఒక్కటే ఉంది. గాని ముందు నా మాట ఇను" అన్నాడు.

నేను వినలేదు. ముందు వెయ్యండి, తర్వాత వింటానన్నాను. ఆయన పాత వీసీఆర్ బయటికి తీసి, లోపల టేపు తగిలే చోట్లు దూదితో తుడిచి, టీవీకి తగిలించాడు. తెర మీద కాసేపు గీతలు ఊగాయి. తర్వాత ఆ గది కనిపించింది. వెనక నీలం తెర, ఎదర బల్ల, బల్ల మీంచి నేలదాకా వేలాడుతున్న పూల దుప్పటి. బల్ల వెనక మా నాన్న. నా వయసు వాడు. నాకంటే చిన్నవాడేమో కూడా. నల్లటి జుట్టు, ఇస్త్రీ చొక్కా. బుట్ట మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు.

అప్పుడు గొంతు వచ్చింది. అదే. నిండుగా, తొణక్కుండా, ఒక్కో మాటకీ చివర కాస్త సాగదీసి, హిందీలోంచి తెలుగులోకి, తెలుగులోంచి బెంగాలీలోకి జారుతూ. వచ్చినవాళ్ళకి ఈస్టర్ శుభాకాంక్షలు చెబుతున్నాడు. బుట్టలో గుడ్డు ఉందనుకుంటే పొరపాటేనని ఏడిపిస్తున్నాడు. జనం నవ్వుతున్నారు. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. దేవుడున్నాడు అని పైకే అన్నాను. రేపు నాన్న విమానం ఎక్కుతాడు, బతుకుతాడు, అంతే, అయిపోయింది అనుకున్నాను.

యుగంధర్ గారు క్యాసెట్ ఆపేశాడు.

"అది నేను బేటీ" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మీరు ఎక్కడున్నారు, కనిపించలేదే అన్నాను.

"బల్ల కింద ఉన్నాను."

ఆయన నిదానంగా చెప్పాడు. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటల ఆరాధనకి పాస్టరుగారు జ్వరంతో రాలేకపోతే, మధ్యాహ్నమంతా నాన్నే చదివాడు, నాన్నే పాడాడు. ఆదివారం వేకువన సమాధుల తోటలో ఆరాధనకి వెళ్ళి మళ్ళీ పాడాడు. అట్నుంచి అటే వీరన్న దుకాణానికి వచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ రావడం లేదు. సాయంత్రం ఈస్టర్ స్పెషల్ ఆట. ఊరంతా పిలుపులయ్యాయి, మానడానికి లేదు. యుగంధర్ గారికి అందరి గొంతులూ అనుకరించే సరదా ఉండేది, నాన్న గొంతైతే నిద్రలో కూడా దింపగలడు. అందుకని మైకు పట్టుకుని దుప్పటి వెనక, బల్ల కింద దూరాడు. నాన్న పైన కూర్చుని పెదాలు కదిపాడు.

లోపలికి ఏమీ కనిపించదు కదా, ఎప్పుడు మాట్లాడాలో ఎలా తెలిసేదని అడిగాను, పిచ్చిదానిలా. ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"కాలు. మీ నాన్న మడమతో నా భుజం మీద నొక్కేవోడు. నొక్కితే మొదలెట్టాలి, ఇంకోసారి నొక్కితే ఆపాలి. ఏం మాట్లాడాలో నాకు కొత్తా? ప్రతి వారం ఇంటున్నదే. పెదాలు కలిసినాయో లేదో తర్వాత సూసుకోవాలని ఆ ఒక్క వారం వీరన్న భయ్యా క్యాసెట్ ఎక్కించినాడు. అందుకే అది ఒక్కటే మిగిలింది."

నాకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఆ ఈస్టర్ ఆట ఇంట్లో టీవీలో చూశాను. నేనూ కనిపెట్టలేదు, అమ్మా కనిపెట్టలేదు. పక్కింటివాళ్ళు కనిపెట్టలేదు. ఎవరికీ చెప్పొద్దని వీరన్న ఒట్టు వేయించుకున్నాడట.

ఇన్ని వందల ఆదివారాల్లో నాన్న గొంతు లేని ఒకే ఒక్క ఆదివారం మిగిలింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యుగంధర్ గారి మీద కోపం వచ్చింది, ఏ తప్పూ లేని మనిషి మీద. మరి ఎందుకు చూపించారు, లేదని చెప్పి పంపేయొచ్చుగా అన్నాను. నేను చెప్పబోతే నువ్వే వినలేదన్నాడు ఆయన. అదీ నిజమే.

ఎదురుగా టీవీ తెర నీలంగా వెలుగుతోంది. నేను లేచి మళ్ళీ వెయ్యండి అన్నాను. ఫోను తీసి తెరకెదురుగా పట్టుకుని మొదట్నుంచీ చివరిదాకా తీసుకున్నాను. ఏం చేయబోతున్నానో ఆయనకి తెలిసిపోయింది.

"ఆయన కనిపెట్టేస్తాడు బేటీ."

కనిపెట్టరేమో, ముప్ఫై ఏళ్ళయింది, మర్చిపోయి ఉంటారేమో అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. కానీ రేపు పొద్దున విమానం. నా చేతిలో ఇంకేమీ లేదు. అబద్ధమైతే అబద్ధం, దాంతోనే నాన్న బతికితే చాలు. దేవుడు తర్వాత అడిగితే అప్పుడు చూసుకుంటాను. యుగంధర్ గారిని నాతో ఇంటికి రమ్మని అడిగాను. తను కనిపిస్తే అంతా బయటపడుతుందని రాలేదు. ఆటో దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని వదిలేశాడు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కళ వచ్చి నాన్నకి గంజి తాగించి పెట్టింది. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దొరికింది అన్నాను. ఆ మాట చెబుతున్నప్పుడు నా గొంతు వణికింది. సంతోషం అనుకుంటాడులే అని నన్ను నేనే సముదాయించుకున్నాను. ఫోనుని మా పెద్ద టీవీకి కలిపాను.

బొమ్మ వచ్చింది. నాన్న ముందుకు వంగాడు. తన నల్ల జుట్టునీ, తన చొక్కానీ చూసుకున్నాడు. గొంతు వచ్చింది. నేను తెర వైపు చూడలేదు, ఆయన ముఖం వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. నేల వైపు చూస్తూ నిలబడ్డాను. అందుకే నాకు ఆయన కాలు కనిపించింది.

టీవీలో గొంతు మొదలయ్యే ముందు ఆయన మడమ నేల మీద నొక్కింది. గొంతు ఆగే ముందు మళ్ళీ నొక్కింది. తర్వాత మళ్ళీ. ఆయనకి తెలియకుండానే కాలు కదులుతోందనుకుంటాను. ఎక్కడా తప్పలేదు. పూల దుప్పటి అవతల ఒక మనిషి భుజం మీద ఎలా నొక్కాడో అలాగే నొక్కుతున్నాడు.

నా అబద్ధం అక్కడే చచ్చిపోయింది. అయినా ఆపలేదు. ఆపితే ఒప్పుకున్నట్టవుతుంది. ఆట చివరిదాకా నడిచింది. బుట్టలో ఉన్నది ఏదో ఒక ముసలావిడ చెప్పేసింది, చెప్పుల చప్పట్లు మోగాయి, నాన్న రెండు చేతులూ జోడించి అందరికీ నమస్కారం పెట్టాడు. తెర నల్లబడింది.

బయట వీధిలో బండ్లు పోతున్నాయి. నాన్న వెనక్కి వాలాడు. ఇప్పుడు తిడతాడు, నన్ను మోసం చేస్తావా అంటాడు, రానని తేల్చేస్తాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను.

"యుగంధర్ బాగున్నాడా?" అని అడిగాడు.

బాగున్నారని తలూపాను.

"బాగా సేసినాడు ఆ రోజు" అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "బోలో లీదియా. ఆ రోజు నాకు గొంతు లేదు, ఎవరైనా అడిగినారా, యిర్మియా ఏడీ అని?"

"లేదు నాన్నా."

"నువ్వు అడిగినావా?"

"లేదు నాన్నా. నువ్వే కదా అనుకున్నాను."

ఆయన తెర వైపు చూశాడు, అక్కడ ఏమీ లేదు. అలసిపోయిన ఆ ముఖంలో ఏదో లెక్క తేలినట్టు కనిపించింది. నా భుజం మీద చెయ్యి వేసి, లేవడానికి ఆసరా చేసుకున్నాడు. నీలం చొక్కా పెట్టమన్నాడు పెట్టెలో. చలి ఎక్కువుంటుందట ఆసుపత్రుల్లో, స్వెట్టర్ కూడా పెట్టమన్నాడు.

నాకు కావలసింది దొరికింది. నాన్న వస్తున్నాడు. ఆ నిమిషంలో నేను ఎగిరి గంతెయ్యాలి. బట్టలు సర్దుతూ, ఆ నీలం చొక్కా మడత పెడుతూ పెడుతూ ఏడుపు తన్నుకొచ్చింది. రేపు ఈ పాటికి చెన్నైలో ఉంటాం, ఆ తర్వాత కొన్నాళ్ళకి మత్తిస్తారు. ఆయన గొంతు ఈ లోకంలో ఎక్కడా లేదు. ఎవరి క్యాసెట్లోనూ, ఎవరి ఫోన్లోనూ, ఎక్కడా. ఆయన దాన్ని వినకుండానే వదిలేస్తున్నాడు, నా కోసం. నేను మాత్రం వదల్లేను. నాకు కావాలి. ఎలాంటిదైనా సరే, ఈ గీరుకుపోయిందైనా సరే.

ఫోను పట్టుకుని ఆయన ముందుకి వెళ్ళి కూర్చున్నాను. రికార్డు నొక్కాను. ఆయన ఫోను వైపు చూసి సిగ్గుపడ్డాడు, అంతమంది ముందు ఆట నడిపిన మనిషి.

"ఏం సెప్పమంటావు?" అన్నాడు.

నా పేరు పిలువు నాన్నా అన్నాను.

పిలిచాడు. కొబ్బరి కోరాము మీద చిప్ప గీరినట్టే వచ్చింది, చివర గాలి మాత్రమే ఉంది. ఇది చాలు అనుకున్నాను. చాల్లేదు. మళ్ళీ పిలవమన్నాను.